రిమినిలో గొడుగు కాపలా

ఉద్యోగంలో కొత్తగా కుదురుకుంటున్న ఆ రోజుల్లో, ప్రపంచంలో ప్రతి పనికీ ఎక్కడో ఒకచోట రాసిపెట్టిన నియమం ఉంటుందనీ, చదువుకున్నవాళ్లందరికీ అది పుట్టుకతోనే తెలిసి ఉంటుందనీ, తెలియనివాణ్ణి నేనొక్కణ్ణేననీ నాకు గట్టి నమ్మకం. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. మా నాన్నగారు చీరాలలో దర్జీ. కొలత అరంగుళం తప్పితే గుడ్డ పాడైపోతుందన్న భయంతోనే జీవితమంతా గడిపిన మనిషి. ఆ భయాన్ని ఆయన ఎక్కడా కత్తిరించకుండా నాకు అప్పగించారు. అందుచేత సింగపూర్‌లో దిగిన మొదటి వారంలోనే ఒక నోటుపుస్తకం కొని, మొదటి పుటలో ‘అభివృద్ధి చెందిన దేశములలో మెలగవలసిన తీరు’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను. (ఒక గీత చాలదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు రెండు కూడా తక్కువే అనిపించింది.)

నా ఉద్యోగం జురాంగ్‌లోని ఒక కర్మాగారంలో. కాఫీ పొడి, పాలపొడి, పంచదార మూడూ కలిపి చిన్న పొట్లాలుగా కట్టే పని అక్కడ జరిగేది. జురాంగ్ ఈస్ట్‌లో ఒక ఫ్లాట్‌లోని గదిని నాతో పంచుకున్నవారు నెల్లూరు అన్నయ్య. అదే కర్మాగారంలో నాకన్నా ఎనిమిదేళ్లు సీనియర్. లోకాన్ని నాకు పరిచయం చేసే బాధ్యతను ఎవరూ అడగకుండానే భుజాన వేసుకున్న మహానుభావుడు. మొదటి ఆదివారం ఆయన నన్ను హాకర్ సెంటర్‌కు, అంటే వరుసగా తిండి దుకాణాలుండి మధ్యలో అందరికీ కలిపి బల్లలు వేసి ఉండే చోటికి, భోజనానికి తీసుకెళ్లారు. అక్కడ ఖాళీ బల్ల మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ కాగితాల పొట్లం ఒకటి నా కంట పడింది. నిజాయితీ అనేది పరీక్షకు పెట్టబడిందని భావించి, దానిని చేతబట్టుకుని, అది ఎవరిదో నలుగురిని విచారించి, నూడుల్స్ కోసం నిలబడి ఉన్న ఒక నడివయసు మహిళను పట్టుకుని సవినయంగా అందించాను. ఆవిడ నా చేతిలోని పొట్లాన్నీ, అప్పటికే వేరెవరో కూర్చున్న తన బల్లనూ మార్చి మార్చి చూసి, "అయ్యో! దట్ వన్ మై సీట్ లా! యూ టేక్ ఫర్ వాట్?" అని అరిచింది.

"ఏందబ్బా నువ్వు!" అంటూ అన్నయ్య నన్ను పక్కకు లాగారు. "అది మర్చిపోయిన సరుకు కాదు సామీ. దాన్ని చోప్ అంటారీడ. టిష్యూ పెట్టి పోతే ఆ సీటు వాళ్లది. కోటీశ్వరుడైనా దాన్ని కదపడు. నువ్వేమో దాన్ని తీసకపోయి ఆమె చేతికే ఇచ్చినావు!"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోయి, ఆ రాత్రికే నోటుపుస్తకంలో పునర్జన్మ ఎత్తాను. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి ఉండే పట్టుదల నాకు చోప్ విషయంలో పట్టుకుంది. ఎంత ఉదాత్తమైన ఆచారం! తాళం లేదు, కాపలా లేదు, ఒక కాగితపు పొట్లం, దాని మీద సమాజమంతా ఉంచిన గౌరవం. నాగరికత అంటే ఇదేనని నిశ్చయించుకున్నాను. ఎక్కడికి వెళ్లినా జేబులో రెండు పొట్లాలు, సంచిలో నాలుగు పొట్లాలు ఉండేలా చూసుకున్నాను. జలుబు చేస్తే మాత్రం చొక్కా జేబులోని చేతిరుమాలే వాడేవాణ్ణి. టిష్యూలు అంతకన్నా గొప్ప పనికి పుట్టాయని నా అభిప్రాయం.

ఇలా ఉండగా, కర్మాగారానికి కొత్త యంత్రం కొనడానికి ఇటలీ వెళ్లి దాని పనితీరు పరీక్షించి రావాలని తేలింది. మా బాస్, అన్నయ్య, నేను బయలుదేరాము. మా బాస్ సింగపూర్ చైనీయుడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడరు కనుక అన్నయ్య ఆయనకు మౌనస్వామి అని పేరు పెట్టారు. నాకు ప్రొబేషన్ ఇంకా ముగియలేదు. ఈ ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక, నన్ను ఉంచుకోవాలో ఇంటికి పంపాలో మౌనస్వామి ఒక పుటలో రాసి ఇస్తారని నాకు తెలుసు. ఉద్యోగం పోతుందన్న భయం సగమే. ఇలాంటి చోట్లకు మావంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు పనికిరారని కాగితం మీద తేలిపోతుందేమోనన్నది మిగిలిన సగం. ఆ సగం బరువెక్కువ.

అక్కడ మాకు యంత్రం నేర్పినవారు ఒక పెద్ద మీసాల మెకానిక్. నేను మనసులో మీసాలాయన అనుకునేవాణ్ణి. (మా కాఫీ పొట్లాన్ని విప్పి రుచి చూసిన రోజున ఆ మీసాలు కిందికి వాలిపోయి రెండు గంటల వరకు లేవలేదు. కాఫీ విషయంలో వాళ్లది చాలా సున్నితమైన మనసు.) రెండో వారం శనివారం నాడు ఆయన మమ్మల్ని మర్నాడు రిమిని సముద్రతీరానికి రమ్మన్నారు. తమ కుటుంబం అక్కడే ఉంటుందనీ, వాళ్లమ్మగారు మా కోసం వంట చేసి తెస్తారనీ చెప్పి, ఒక కాగితం మీద తమ చోటు గుర్తులు రాసి నా చేతికిచ్చారు. మొదటి వరుస, పన్నెండో నంబరు గొడుగు. మౌనస్వామి ఆ కాగితం చూసి, "ఫ్రంట్ రో. వెరీ గుడ్," అన్నారు. ఆ రోజుకు ఆయన కోటాలో అవే చివరి మాటలు.

నాకు మాత్రం లెక్కలు మొదలయ్యాయి. ఆదివారం, మధ్యాహ్న భోజన సమయం, మొదటి వరుస! సింగపూర్‌లో అయితే పదకొండు గంటలకే ఆ చోటు మీద పది కుటుంబాల కన్ను పడేది. మేము వెళ్లేసరికి ఎవరో కూర్చుని ఉంటే మీసాలాయన పరువేం కావాలి? వంట చేసుకొస్తున్న ఆ పెద్దావిడ ఎండలో నిలబడాలా? మౌనస్వామి తన ఒక పుటలో ఏమి రాస్తారు? తెల్లవారుతూనే హోటల్ గదిలో అన్నయ్యను లేపి నా ఆందోళన విన్నవించుకున్నాను.

"పోయి టిష్యూ పెట్టుకోపో నాయనా," అన్నారు ఆయన దుప్పటి లోపలి నుంచి. "నన్ను పండుకోనీ."

పెద్దల అనుమతి లభించింది కనుక బయలుదేరాను. తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, బెల్టు, నల్ల బూట్లు. టై కూడా కట్టుకున్నాను. (ఈ చివరి సంగతి మా ఆవిడకు చెప్పడానికి నాకు పెళ్లయ్యాక నాలుగేళ్లు పట్టింది.) రిమిని తీరం చూసి ముగ్ధుణ్ణయ్యాను. మా చీరాల దగ్గర సముద్రం అంటే ప్యాంటు పైకి మడిచి మోకాళ్లు తడుపుకుని, వేరుశనగలు తిని ఇంటికి వచ్చే చోటు. ఇక్కడ ఇసుకలో తరగతి గది బల్లల్లా గొడుగులు వరుస కట్టి ఉన్నాయి. ప్రతి గొడుగుకూ నంబరు! నియమాలను ఇంతగా ప్రేమించే జాతి మరొకటి ఉందని తెలిసి నా కళ్లు చెమర్చాయి. మొదటి వరుసలో పన్నెండో గొడుగు కింద రెండు పడక కుర్చీలు, రెండు గుడ్డ కుర్చీలు ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పొట్లం పెట్టి, గాలికి ఎగిరిపోకుండా పైన ఒక్కొక్క ఆలిచిప్ప ఉంచాను. అంతటితో తృప్తి కలగక, నా ఉద్యోగపు గుర్తింపు కార్డును కూడా ఒక కుర్చీకి తగిలించి, పక్కన నిటారుగా నిలబడ్డాను. ఎనిమిది గంటలు కావస్తోంది.

పదిన్నర ప్రాంతంలో పూల గౌను వేసుకుని, గడ్డిటోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ గుడ్డలో చుట్టిన పెద్ద గిన్నెతో వచ్చారు. తిన్నగా నా గొడుగు కిందికి వచ్చి, ఆలిచిప్పను ఒక వేలితో పక్కకు తోసి, టిష్యూ పొట్లాన్ని తీసి ఇసుకలో పెట్టి, కూర్చోబోయారు.

నా కళ్లముందే శిలాశాసనాన్ని ఎవరో ఉలితో చెరిపేస్తున్నట్టు కదిలిపోయాను. "మేడమ్, ఐ యామ్ ఎక్స్‌ట్రీమ్లీ సారీ," అంటూ అడ్డుపడ్డాను. "దిస్ ప్లేస్ ఈజ్ రిజర్వ్‌డ్ ఫర్ ఎ వెరీ రెస్పెక్టెడ్ లేడీ."

ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నాకు ఇటాలియన్‌లో నమస్కారం, ధన్యవాదం, ‘బోల్టు’ అనే మూడు మాటలు వచ్చు. ఆవిడ చాలా మాట్లాడారు. గొడుగును చూపించారు, తన గుండెను చూపించారు, ఆకాశాన్ని చూపించారు. నేను టిష్యూ పొట్లాలను ఒకటొకటిగా చూపించాను. చివరికి, రాతపూర్వకమైన ఆధారం ముందు ఎవరైనా తలవంచక తప్పదన్న విశ్వాసంతో, మీసాలాయన రాసిచ్చిన కాగితాన్ని తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దానిని చదివారు. మరోసారి చదివారు. తరవాత నా టైని చూశారు, ఇసుకతో నిండిన నా బూట్లను చూశారు, కుర్చీకి వేలాడుతున్న నా ఫోటోను చూశారు. ఏమనుకున్నారో, కాగితం తిరిగి ఇచ్చి, నన్ను మెచ్చుకుంటున్నట్టు తల ఊపి, వెనక్కి వెళ్లి రెండో వరుసలో ఎవరో జరిగి ఇచ్చిన కుర్చీలో కూర్చున్నారు, గిన్నె ఒళ్లో పెట్టుకుని.

న్యాయం గెలిచింది. నాలో గర్వం కాస్త పొంగిన మాట నిజం.

ఆ తరవాత తీరంలో ఒక విచిత్రమైన మార్పు గమనించాను. ఆవిడ పక్కవాళ్ల చెవిలో ఏదో చెప్పారు. వాళ్లు వాళ్ల పక్కవాళ్లకు చెప్పారు. కాసేపటికి మొదటి వరుస కుర్చీలన్నీ ఒకదాని వెంట ఒకటి సముద్రాన్ని వదిలేసి నా వైపు తిరిగాయి. పిమ్మట ఒక బట్టతలాయన పత్రిక పట్టుకుని నింపాదిగా నడిచి వచ్చి నా గొడుగు కింద కూర్చోబోయాడు. ఆయనకూ నా వాక్యం అప్పజెప్పాను. ఆయన చేతులు జోడించి వెళ్లిపోయాడు. తరవాత ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు. వాళ్ల తరవాత కుక్కపిల్లతో ఒక తాతగారు. కుక్కపిల్లకు కూడా వివరించాను. ఎవరికి వాళ్లు ఎంతో మర్యాదగా ఓడిపోయి వెళ్లిపోయారు. ప్రతి ఓటమికీ రెండో వరుసలో చప్పట్లు వినిపించాయి. క్రమశిక్షణను ఇంత బహిరంగంగా అభినందించే ప్రజలు కదా అని పొంగిపోయి, నోటుపుస్తకం తీసి నిలబడే రెండు వాక్యాలు రాసుకున్నాను.

పన్నెండు గంటలకు మౌనస్వామి, అన్నయ్య, మీసాలాయన వచ్చారు. మీసాలాయన నన్ను పలకరించబోయి, వెనక వరుసలోకి చూసి ఆగిపోయారు.

"మా అమ్మ రెండో వరుసలో ఎందుకు కూర్చుంది?" అన్నారు తనకు వచ్చిన ఇంగ్లీషులో.

ఆవిడ గిన్నె మీద నుంచి చెయ్యి తీసి, చూపుడు వేలితో నన్ను చూపించారు. వరుసలు వరుసలుగా నవ్వు లేచింది. మీసాలాయన వాళ్లమ్మగారితో రెండు నిమిషాలు మాట్లాడి, ఇసుకలో చతికిలబడి, కళ్లు తుడుచుకుంటూ మాకు అసలు సంగతి చెప్పారు. ఆ గొడుగు ముప్పై ఏళ్లుగా వాళ్లదే. ఏటా వేసవి మొత్తానికి అద్దె కట్టేస్తారు కనుక ఎవరి చోటు వాళ్లకే ఉంటుంది. ఖాళీగా ఉన్నా ఎవరూ వచ్చి కూర్చోరు, కూర్చోవాలన్న ఊహే ఎవరికీ రాదు. కాగితం మీద కొడుకు చేతిరాత చూడగానే ఆవిడకు సమస్తం అర్థమైంది. అర్థమయ్యాక, అంత శ్రద్ధగా తన కోసం తననే తరిమేసిన మనిషి సంతోషాన్ని చెడగొట్టబుద్ధి కాలేదట.

అన్నయ్య నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "ఒరేయ్, ఆమె కుర్చీని ఆమె కోసమే చోప్ చేసి, ఆమెనే కూర్చోనీకుండా చేసినావా?"

"మీరే కదండీ పెట్టుకోపొమ్మన్నారు."

"నేను నిద్దట్లో ఆస్తి రాసిమ్మన్నా రాసిచ్చేస్తావా? పో, ముందు పోయి ఆమె కాళ్ల మీద పడు."

పడ్డాను. ఇది కూడా పెద్దల ఆజ్ఞే కనుక, ఆలోచించకుండా ఇసుకలో సాగిలపడి ఆవిడ పాదాలు అందుకున్నాను. ఎండదెబ్బకు సొమ్మసిల్లానని ఆవిడ భయపడి పక్క గొడుగువాళ్ల సీసా లాక్కుని నా నెత్తిన కుమ్మరించారు. అది నీళ్ల సీసా కాదు. నిమ్మరసం. తియ్యటిది.

భోజనంలో అందరికన్నా ముందు, అందరికన్నా పెద్ద ముక్క నాకే వడ్డించారు. పొరలు పొరలుగా కాల్చిన పాస్తా. దాని రుచి ఇప్పటికీ నాకు తెలియదు. నేను మౌనస్వామి ముఖం చూస్తూ మింగాను. ఆయన ఆ పూటంతా ఒక్క మాట అనలేదు. సాయంత్రం హోటల్‌కు తిరిగి వచ్చేటప్పుడు కూడా అనలేదు. ఆ మౌనంలో నా ఒక పుట నివేదిక నాకు అక్షరం అక్షరం వినిపించింది. అన్నయ్య ఓదార్చే ప్రయత్నం చేశారు గానీ, "మహా అయితే ఇంటికి పంపిస్తారబ్బా, ఉరేస్తారా ఏంది," అన్న వాక్యం ఓదార్పు కిందికి వస్తుందో లేదో నేటికీ చెప్పలేను.

సోమవారం ఉదయం యంత్రం చివరి పరీక్ష. మూడు రోజులు ఆపకుండా నడపాలి, ఎక్కడ పొట్లం తప్పు కట్టినా పట్టుకోవాలి. అన్నయ్య ఆ పనికి సిద్ధంగా నిలబడ్డారు. మౌనస్వామి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, తనిఖీ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు అర్థం కాలేదు. నా ముఖం చూసి ఆయన ఆ వారానికి సరిపడా మాటలు ఖర్చు చేశారు.

"యెస్టర్డే, ఓల్డ్ లేడీ ఆల్సో యూ డోంట్ లెట్ సిట్. డాగ్ ఆల్సో డోంట్ లెట్." కాస్త ఆగారు. "మై మెషిన్, నోబడీ కెన్ అన్యాయం, లా."

‘అన్యాయం’ అన్న మాట ఆయనకు అన్నయ్య నేర్పినది. సందర్భానికి సరిగ్గా వాడారో లేదో అని ఆలోచించే స్థితిలో నేను లేను. మూడు రోజులు ఆ యంత్రం దగ్గర నుంచి కదలలేదు. నెల తిరగకుండా ఉద్యోగం ఖాయమైన ఉత్తరం చేతికొచ్చింది. దానిని చీరాలకు పంపితే మా నాన్నగారు గాజుపలక వేయించి కుట్టుమిషను ఎదురుగా గోడకు తగిలించారు. కారణం మాత్రం ఆయనకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

పదేళ్లు దాటాక మరో యంత్రం పని మీద వెళ్లినప్పుడు మా ఆవిడను కూడా తీసుకెళ్లాను. మీసాలాయన మీసాలు అప్పటికి తెల్లబడ్డాయి. అదే తీరం, అదే మొదటి వరుస, అదే గొడుగు కింద ఆవిడ. నన్ను చూడగానే ఆవిడ తొందర తొందరగా లేచి, చెప్పులు చేతబట్టుకుని, రెండో వరుసలోకి వెళ్లి తప్పు చేసినదానిలా తలవంచుకుని నిలబడ్డారు. తీరమంతా గొల్లుమంది. బట్టతలాయన కర్ర ఊపాడు.

"మీరు చెప్పిందంతా కోతలనుకున్నాను," అంది మా ఆవిడ, పెద్దావిడకు తన చీరకొంగు చూపిస్తూ. "ఇక్కడ మీకు విగ్రహం ఒక్కటే తక్కువండీ. టై మాత్రం చెక్కించమని చెప్పండి."

ఆ సాయంత్రం పెద్దావిడ కొడుకు ద్వారా ఒక సంగతి చెప్పించారు. పెళ్లైన కొత్తలో తామిద్దరికీ ఎక్కడో తొమ్మిదో వరుసలో చోటు దొరికిందట. ముందువాళ్లు ఖాళీ చేస్తుంటే ఏడాదికింత చొప్పున జరుగుతూ జరుగుతూ మొదటి వరుసకు వచ్చేసరికి భర్త జుట్టు నెరిసిందట. ఆయన పోయాక ఆ కుర్చీలో కూర్చుని సముద్రాన్ని చూడటమే తప్ప, వెనక నుంచి తమ గొడుగును చూసుకున్నది నేను తరిమేసిన ఆ ఒక్క రోజేనట. "చూస్తే ఎంత బాగుందో, మొదటి వరుసకు రావాలని ఎందుకంత ఆశపడ్డామో అప్పుడు గుర్తొచ్చింది," అన్నారట. నేను ధన్యవాదం చెప్పాను. నాకు వచ్చిన మూడు మాటల్లో అదొక్కటే కాస్త దగ్గరగా ఉంది.

మళ్లీ నిరుడు వెళ్లాము. ఇప్పుడు మేము ఉండేది సింగపూర్‌లోనే మరో పేట, టాంపినీస్‌లో. అన్నయ్య రిటైరై ఇంకో పేట అయిన సెంగ్‌కాంగ్‌లో మనవరాలికి లోకాన్ని పరిచయం చేసే పనిలో ఉన్నారు. కర్మాగారంలో కొత్తవాళ్ల గురించి ఒక పుట రాసే పని నాకు వచ్చింది. (నేను ఎక్కువగానే మాట్లాడతాను. నాకూ ఆ కుర్రవాళ్లు ఏదో పేరు పెట్టే ఉంటారు.) చదువు చివరి ఏడాదిలో ఉన్న మా అమ్మాయి, చిన్నప్పటి నుంచి విన్న ఆ గొడుగును చూడాలని పట్టుబట్టింది. పెద్దావిడ పోయి ఏళ్లయింది. మీసాలాయన మోకాళ్ల నొప్పులతో ఎక్కడో కొండల్లో కొడుకు దగ్గర ఉన్నారు. పన్నెండో నంబరు గొడుగు కింద ఒక పడుచు జంట, వాళ్ల మధ్య నెలల పాప.

"నాన్నా, వాంట్ మీ టు ఆస్క్ దెమ్ ఆర్ నాట్?" అంది మా అమ్మాయి. "ఫైవ్ మినిట్స్ ఓన్లీ వాట్. యూ సిట్, ఐ టేక్ ఫోటో, దెన్ వీ గో లా."

"వద్దమ్మా. పాప నిద్రపోతోంది."

మాకు తొమ్మిదో వరుసలో చోటు దొరికింది. అక్కడ నుంచి సముద్రం కనిపించదు. గొడుగులు, గొడుగుల వెనక గొడుగులు, ఆ వెనక సముద్రం ఉందన్న నమ్మకం. పడక కుర్చీలో నడుము వాల్చి, పెద్దావిడ దంపతులు ఏ మూల నుంచి మొదలుపెట్టి ఉంటారా అని లెక్క వేయబోయాను. అంతే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి నీడ జరిగిపోయి ఉంది, మా అమ్మాయి ఫోను చూసుకుంటూ కిలకిల నవ్వుతోంది.

"గురక కూడా పెట్టారు," అంది మా ఆవిడ. "మొదటి వరుసలో ఆ పాప లేచిందేమో చూడండి."

ఫోటోలో నోరు తెరుచుకుని, చొక్కా గుండీలు రెండు ఊడి, ఒక కాలు ఇసుకలోకి వేలాడేసి, ముక్కూ ముఖం తెలియని జనం మధ్య ఒళ్లు మరిచి నిద్రపోతున్న ఒక బానపొట్ట పెద్దమనిషి ఉన్నాడు. మా అమ్మాయి అప్పుడే దాన్ని చుట్టాలందరికీ పంపేసింది. ఎవరూ ఆ మనిషిని లేపలేదు, ఏ నియమం ప్రకారం పడుకున్నావని అడగలేదు. టై కట్టుకున్న ఆ కుర్రవాడు చూస్తే ఎంత కంగారుపడేవాడో అనుకుని నవ్వుకున్నాను. పరాయి దేశంలో పట్టపగలు ఇలా నిద్రపోవడం అతడికి చేతనయ్యేది కాదు, పాపం. కానీ ముక్కూ ముఖం తెలియని ఒక అమ్మ నీడలో కూర్చోవాలని నాలుగు గంటలు ఎండలో నిలబడటం ఇప్పుడు నాకు చేతనవుతుందా అని అడిగితే, చూస్తున్నారుగా, నేను తొమ్మిదో వరుసలో నిద్రపోయాను.